రోటర్ ఎక్కడుంది? సొంత ఎలక్ట్రిక్ బండ్లలో స్థాన సెన్సార్లపై ఒక సమీక్ష

వానాకాలంలో ఒక సాయంత్రం బోధన్ నుంచి నిజామాబాద్ వస్తుంటే ఎడపల్లి దాటాక నా ఎలక్ట్రిక్ సైకిల్ మొరాయించింది. బ్యాటరీ నిండుగానే ఉంది. థ్రాటిల్ తిప్పితే వెనక చక్రం ముందుకు పోకుండా గడగడ వణికింది. పెడల్ తొక్కి నాలుగు గజాలు కదిలించి మళ్లీ థ్రాటిల్ ఇస్తే గరగరమంటూనే పరుగెత్తింది. ఆగిన ప్రతిచోటా మళ్లీ అదే వణుకు. ఇంటికి చేరి చక్రం విప్పితే మోటారు వైండింగ్ బాగుంది, కంట్రోలర్ బాగుంది. ఇరుసు బోలులోంచి బయటికొచ్చే సన్న వైర్లలో ఆకుపచ్చది ఇరుసు అంచుకు ఒరుసుకుని పైపొర పోగొట్టుకుంది. వాననీళ్లకు రాగి చిలుము పట్టి తెగింది. తెగిన కొస పక్కనున్న ఫేజ్ వైరుకు తగిలి లోపలి హాల్ సెన్సార్ కూడా కాలిపోయింది. రోటర్, అంటే మోటారులో తిరిగే భాగం, ఎక్కడుందో కంట్రోలర్‌కు చెప్పే మూడు సెన్సార్లలో ఒకటి మూగబోయింది.

సొంతంగా ఎలక్ట్రిక్ బండి కట్టుకునేవాళ్లు బ్యాటరీ గురించి గంటలు మాట్లాడతారు, మోటారు వాట్ల గురించి మాట్లాడతారు. సెన్సార్ దగ్గరికొచ్చేసరికి మోటారుతో పాటు వచ్చిందేదో అదే అనుకుని వదిలేస్తారు. కాస్త చదువుకున్నవాళ్లు 14 బిట్ల ఎన్‌కోడర్ తెప్పిస్తే కష్టాలన్నీ తీరతాయనుకుంటారు. కొన్నేళ్లుగా సైకిళ్లు, ఆటోలు, పొలం ట్రాలీల మోటార్లతో కుస్తీ పట్టాక నాకు తేలిందొకటే. సెన్సార్ ఎన్ని బిట్లదన్నది చివరికి అడగాల్సిన ప్రశ్న. దానికి ముందు మూడు ప్రశ్నలున్నాయి. బరువు మీద బండి కదిలేటప్పుడు కోణం ఎంత తప్పుతోంది? ఆ తప్పు ఎక్కడ పుడుతోంది? తప్పిందన్న సంగతి కంట్రోలర్‌కు తెలుస్తోందా? అందుబాటులో ఉన్న పద్ధతులన్నింటినీ ఈ మూడు ప్రశ్నలతోనే బేరీజు వేద్దాం.

కోణం తప్పితే ఏమవుతుంది

పాత డీసీ మోటారులో కార్బన్ బ్రష్షులు, కమ్యూటేటర్ ఉంటాయి. రోటర్ తిరిగేకొద్దీ ఏ చుట్టకు కరెంటు అందాలో కమ్యూటేటర్ రాగి పట్టీలే చూసుకుంటాయి. అంటే స్థానం చదవడం, దాని ప్రకారం కరెంటు మార్చడం రెండూ ఆ ఒక్క భాగంలోనే జరిగిపోతాయి. బ్రష్‌లెస్ మోటారులో బ్రష్షుల అరుగుదల పోయింది కానీ ఆ పని కంట్రోలర్ నెత్తిన పడింది. రోటర్ అయస్కాంతాలు ఎటు ఉన్నాయో తెలుసుకుని, వాటికి సరిగ్గా 90 ఎలక్ట్రికల్ డిగ్రీల ముందు కదలని చుట్టల (స్టేటర్) క్షేత్రాన్ని నిలపాలి. అప్పుడే ప్రతి ఆంపియరూ లాగుడు బలంగా మారుతుంది.

ఇక్కడ ఎలక్ట్రికల్ డిగ్రీ అన్న మాట వివరించాలి. ఒక ఉత్తర ధ్రువం, ఒక దక్షిణ ధ్రువం కలిస్తే ఒక జత. ఒక జత దాటితే 360 ఎలక్ట్రికల్ డిగ్రీలు. నా సైకిల్ హబ్ మోటారులో 46 అయస్కాంతాలు, అంటే 23 జతలు. చక్రం ఒక్క డిగ్రీ తిరిగితే కంట్రోలర్ లెక్కలో 23 డిగ్రీలు తిరిగినట్టు. ఈ గుణకారమే మొత్తం కథను నడిపిస్తుంది.

కోణం 10 డిగ్రీలు తప్పితే బలం ఒకటిన్నర శాతమే తగ్గుతుంది. ఎవరికీ తెలియదు. 30 డిగ్రీలు తప్పితే 13 శాతం పోతుంది. అదే బలం రాబట్టాలంటే కరెంటు పెంచాలి, అప్పుడు చుట్టల్లో వేడి మూడో వంతు పెరుగుతుంది. 60 డిగ్రీలు తప్పితే బలం సగమే. 90 దగ్గర సున్నా. అది కూడా దాటితే మోటారు వెనక్కి లాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 44 డిగ్రీలు దాటే మన జిల్లా ఎండలో ఆ అదనపు వేడిని తక్కువగా చూడకూడదు. బండి నడుస్తూనే ఉంటుంది, మైలేజీ తగ్గుతుంది, మోటారు చెయ్యి పెట్టనివ్వదు. చాలామంది బ్యాటరీ పాతబడిందనుకుంటారు.

మూడు హాల్ సెన్సార్లు: ఉన్నదాన్ని సరిగా చదవడం

అయస్కాంత క్షేత్రంలో కరెంటు పారే పలక అడ్డంగా ఒక చిన్న వోల్టేజీ పుట్టిస్తుందని ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టాడు. ఇప్పుడు మన హబ్ మోటార్లలో, ఈ-రిక్షా మోటార్లలో ఉండేవి ఆ సూత్రం మీద పనిచేసే మూడు కాళ్ల చిన్న ముక్కలు. ఎదురుగా ఉత్తర ధ్రువమా, దక్షిణ ధ్రువమా అన్నదే చెప్తాయి. మూడింటినీ 120 ఎలక్ట్రికల్ డిగ్రీల దూరంలో అమర్చితే ఒక జత దాటేలోగా ఆరు స్థితులు వస్తాయి. ఒక దిక్కుకు తిప్పితే 101, 100, 110, 010, 011, 001. ప్రతి అడుగులో ఒక్క అంకే మారుతుంది. 000, 111 ఎప్పుడూ రాకూడదు. వస్తే వైరు తెగిందనో, 5 వోల్టుల సరఫరా పోయిందనో అర్థం. 60 డిగ్రీల అమరికతో వచ్చే మోటార్లూ ఉన్నాయి. వాటిలో 000, 111 సరైన స్థితులే, 010, 101 రాకూడనివి. కొత్త మోటారు చేతికొస్తే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి.

తేల్చుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఎరుపు, నలుపు వైర్లకు 5 వోల్టులిచ్చి, పసుపు, ఆకుపచ్చ, నీలం వైర్లకు ఒక్కోదానికి 5 వోల్టుల నుంచి ఒక రెసిస్టర్ పెట్టి, మల్టీమీటర్‌తో చూస్తూ చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే చాలు. ఈ సెన్సార్లు సిగ్నల్‌ను కిందికి లాగగలవే గాని పైకి నెట్టలేవు. అందుకే ఆ రెసిస్టర్ కావాలి. అది లేకుండా కొలిచి, బాగున్న సెన్సార్లను చెడిపోయాయని తీసిపారేసిన సందర్భాలు చూశాను.

హాల్ సెన్సార్లను చిన్నచూపు చూసేవాళ్ల వాదన ఒకటే. 60 డిగ్రీలకొకసారి మాత్రమే కబురు వస్తే సన్నగా, సాఫీగా ఎలా నడుపుతాం? బండి నిలబడి ఉన్నప్పుడు రోటర్ ఆరు గదుల్లో ఏ గదిలో ఉందో మాత్రం తెలుస్తుంది. గది మధ్యలో ఉందనుకుంటే తప్పు ఎటైనా 30 డిగ్రీలు మించదు. అంటే ఆరుగురు ఎక్కిన ఆటో బోధన్ బస్టాండు దగ్గర ఆగి బయల్దేరేటప్పుడు, అత్యంత అననుకూల స్థానంలో కూడా 86 శాతానికి పైగా బలం చేతిలో ఉంటుంది. నిశ్చల స్థితి నుంచి బరువు కదిలించడానికి ఇంత గట్టి హామీ ఇచ్చే చవకైన పద్ధతి ఇంకోటి లేదు.

బండి కదిలాక రెండు అంచుల (స్థితి మారే క్షణాల) మధ్య స్థానాన్ని వేగం బట్టి లెక్కగట్టొచ్చు. ముందటి అంచు ఎప్పుడు వచ్చింది, వేగమెంత, ఇప్పటికి ఎంత సమయమైంది అని చూసి కోణాన్ని ముందుకు జరుపుతూ పోవాలి. 60 డిగ్రీలు దాటకుండా పట్టి ఉంచాలి. 26 అంగుళాల చక్రం గంటకు 25 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి సుమారు 200 చుట్లు తిరుగుతుంది. 23 జతల మోటారులో చుట్టుకు 138 అంచులు. అంటే సెకనుకు 460 కబుర్లు. చక్రం వేగం రెండు కబుర్ల మధ్య అంతగా మారదు. అందుకే నడుస్తున్న హబ్ మోటారుకు మూడు హాల్ సెన్సార్లు నిజంగా సరిపోతాయి.

మరి కొన్ని బండ్లు ఎందుకు గరగరమంటాయి? సెన్సార్ల అంచులు కచ్చితంగా 60 డిగ్రీల ఎడంలో ఉన్నాయని కంట్రోలర్ నమ్మడమే అసలు కారణం. హబ్ మోటారు రోటర్ లోపలి వ్యాసం సుమారు 200 మిల్లీమీటర్లు అనుకుందాం. చుట్టుకొలత 628 మిల్లీమీటర్లు. 23 జతలకు పంచితే ఒక్కో జతకు 27 మిల్లీమీటర్లు. ఆ 27 మిల్లీమీటర్లలో 360 ఎలక్ట్రికల్ డిగ్రీలున్నాయి. సెన్సార్ అర మిల్లీమీటరు పక్కకు అతికితే దాదాపు 7 డిగ్రీలు తప్పినట్టే. ఒక్క సెన్సార్ అలా జరిగితే దాని రెండు అంచులూ జరుగుతాయి. అప్పుడు ఆరు గదుల పొడవులు 53, 60, 67, 53, 60, 67 అవుతాయి. ప్రతి గదినీ 60 అనుకుని వేగం లెక్కగడితే స్థిరంగా తిరిగే చక్రం కూడా పది శాతానికి పైగా ఎక్కువతక్కువలతో తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. కంట్రోలర్ ఆ ఊగిసలాటను నిజమనుకుని కరెంటును ఊపుతుంది. చెవికి వినిపించే గరగర అదే.

దీనికి మందు రెండు వాక్యాల్లో ఉంది. వేగాన్ని ఒక్క గదితో కాకుండా ఆరు గదుల పూర్తి చుట్టుతో లెక్కించాలి. ప్రతి అంచు నిజంగా ఏ కోణంలో ఉందో మోటారు బిగించిన రోజే కొలిచి పట్టికలో దాచాలి. స్వీడన్‌కు చెందిన బెంజమిన్ వెడ్డర్ అందరికీ తెరిచిపెట్టిన వెస్క్ కంట్రోలర్ చేసేది ఈ కొలతే. చక్రం గాల్లో ఉండగా మోటారులోకి కొద్దిపాటి కరెంటు పంపి, క్షేత్రాన్ని మెల్లగా తిప్పుతూ, ఏ కోణంలో ఏ హాల్ స్థితి వచ్చిందో రాసుకుంటుంది. ముందుకొకసారి, వెనక్కొకసారి తిప్పి సగటు తీస్తేనే కొలత నమ్మదగినది. ఎందుకంటే బేరింగు రాపిడి రోటర్‌ను కాస్త వెనకబడేలా చేస్తుంది. హాల్ సెన్సార్ కూడా ఒక బిందువు దగ్గర తెరుచుకుని ఇంకో బిందువు దగ్గర మూసుకుంటుంది. రెండు దిక్కుల సగటులో ఈ రెండు తప్పులూ చాలావరకు కొట్టుకుపోతాయి.

కబురు దారిలో చెడిపోవడం

హబ్ మోటారులో సన్నని సెన్సార్ వైర్లు, పదుల ఆంపియర్లు మోసే లావు ఫేజ్ వైర్లు ఒకే ఇరుసు బోలులోంచి వస్తాయి. ఫేజ్ వైర్లలో వోల్టేజీ సెకనుకు వేల సార్లు పైకీ కిందికీ దూకుతుంది. ఆ దూకుడు పక్కనున్న సన్న వైర్లలోకి ముల్లులాంటి గుర్తుగా దిగుతుంది. కంట్రోలర్ దాన్ని అంచు అనుకుంటే కోణం ఒక్కసారిగా 60 డిగ్రీలు ఎగురుతుంది.

ముల్లును అణచడానికి చాలామంది రెసిస్టర్, కెపాసిటర్ పెడతారు. మంచిదే, కానీ ఆలస్యం లెక్క చూసుకోవాలి. 1 కిలో ఓమ్, 100 నానోఫారడ్ పెడితే ఆలస్యం సుమారు 100 మైక్రోసెకన్లు. పైన చెప్పిన సైకిల్ మోటారులో దానివల్ల తప్పేది 3 డిగ్రీల లోపే. అదే ఫిల్టర్‌ను 5 జతలతో నిమిషానికి 5000 చుట్లు తిరిగే మిడ్ మోటారుకు (చక్రంలో కాకుండా బండి మధ్యలో ఉండేది) పెడితే 15 డిగ్రీలు తప్పుతుంది. కాబట్టి వేగంగా తిరిగే మోటారుకు కెపాసిటర్ పదో వంతుకు తగ్గించి, మిగతా పని ప్రోగ్రాంలో చేయాలి. పిన్నును వెంటవెంటనే మూడుసార్లు చదివి ఎక్కువసార్లు వచ్చినదాన్ని తీసుకోవాలి. రెండు గదులు ఒకేసారి దూకే మార్పును ఒప్పుకోకూడదు. ప్రస్తుత వేగానికి అసాధ్యమైనంత త్వరగా వచ్చిన అంచును వదిలేయాలి.

వీటికంటే ముందు చేయాల్సినవి చేతి పనులు. సెన్సార్ వైర్లను ఫేజ్ వైర్ల నుంచి వీలైనంత త్వరగా విడదీసి నడిపించాలి. గ్రౌండ్ వైరును సిగ్నళ్లతో పాటే మెలేయాలి. కప్లర్‌ను కిందికి వేలాడదీయకుండా సీటు కింద పొడి చోట కట్టాలి. వైరు ఇరుసులోంచి బయటికొచ్చే చోట కిందికి ఒక వంపు ఇస్తే నీటి చుక్క లోపలికి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. చెరుకు బండ్లు నడిచే నల్లరేగడి బాటల్లో ఈ వంపు ఎంత మేలు చేస్తుందో చెప్పలేను. హబ్ మోటారు ఇరుసుకు టార్క్ ఆర్మ్ తప్పనిసరి. అది లేకపోతే ఇరుసే ఫోర్కులో తిరిగిపోయి వైర్లన్నింటినీ మెలిపెట్టి తెంపేస్తుంది.

మాగ్నెటిక్ ఎన్‌కోడర్: బిట్ల వెనక దాగిన సెంటరింగ్

షాఫ్టు కొసన అడ్డంగా అయస్కాంతీకరించిన చిన్న బిళ్ల, దానికెదురుగా ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఒక చిప్. చుట్టు మొత్తం మీద ఎక్కడున్నా కోణం చెప్తుంది, అదీ కరెంటు ఇచ్చిన క్షణం నుంచే. ఏఎస్5600 అనే చిప్ చుట్టును 4096 భాగాలు చేస్తుంది, ఏఎస్5047పీ 16,384 భాగాలు చేస్తుంది. మొదటిది చవక, కానీ దాని ఐ2సీ దారి నిదానం. రెండోది ఎస్‌పీఐ ద్వారా వేగంగా కబురిస్తుంది. ప్రతి కబురుతో పాటు పారిటీ బిట్, తప్పు జెండా పంపుతుంది. లోపలి లెక్కకు పట్టే 100 మైక్రోసెకన్ల ఆలస్యాన్ని, వేగం స్థిరంగా ఉన్నప్పుడు తానే సరిదిద్దుకుంటుంది.

కాగితం మీద ఇదే గెలవాలి. నేనూ అలాగే నమ్మి 4 జతల మిడ్ మోటారుకు ఒకటి బిగించాను. తక్కువ వేగంలో చుట్టుకొకసారి లాగి వదులుతున్నట్టు ఊపు వచ్చింది. ప్రోగ్రాం తప్పనుకుని వారం రోజులు కుస్తీ పట్టాను. చివరికి మోటారును బోధన్‌లో ఒక లేత్ షాపుకు పట్టుకెళ్లాను. అక్కడ పనిచేసే పెద్దాయన శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి వచ్చినవాడు. షాఫ్టు కొస మీద నేను అతికించిన అయస్కాంతం హోల్డర్‌కు డయల్ గేజ్ ఆనించి చేత్తో ఒక చుట్టు తిప్పాడు. ముల్లు ఇటు నుంచి అటు ఊగింది.

“గది చిప్ తప్పు గాదు బిడ్డా, నీ సెంటరే తప్పింది. ముల్లు జూడు, ఎట్ల ఊగుతుందో.”

హోల్డర్‌ను అల్యూమినియంతో మళ్లీ చెక్కి, షాఫ్టు సెంటర్‌లో బిగుతుగా కూర్చోబెట్టాక ఊపు పోయింది. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చలేదు.

ఆ ముల్లు ఊగడంలో ఉన్న లెక్క ఇది. అయస్కాంతం సెంటర్ నుంచి అర మిల్లీమీటరు లోపు జరిగినా యాంత్రిక కోణం ఒక డిగ్రీ దాకా తప్పవచ్చు. 4 జతల మోటారులో అది 4 ఎలక్ట్రికల్ డిగ్రీలు, ఊపు తెలిసినా బలం పోదు. 23 జతల హబ్‌లో 23 డిగ్రీలు. 14 బిట్ల చిప్ ఒక్కో అడుగు అర ఎలక్ట్రికల్ డిగ్రీ అయినా, బిగింపు తప్పు దానికి నలభై రెట్లకు పైగా ఉంటే ఆ బిట్లతో ఏం లాభం? పైగా హబ్ మోటారులో ఇరుసు కదలదు, షాఫ్టు కొస అనేదే లేదు. హాల్ సెన్సార్లు ప్రతి అయస్కాంతాన్నీ ఎదురుగా చూస్తాయి కాబట్టి వాటికి ఈ గుణకారం బాధ లేదు. అందుకే నా తీర్పు ఇది. జతలు తక్కువగా ఉండి, షాఫ్టు కొస దొరికి, చేతిలో మంచి లేత్ ఉన్నప్పుడే ఎన్‌కోడర్.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఎస్‌పీఐ వైర్లు జానెడు దాటితే ఫేజ్ వైర్ల గోల మొదలవుతుంది. పొడవు తప్పనిసరైతే రెండు వైర్ల జతగా పంపే డ్రైవర్ చిప్పులు వాడాలి. ఏ, బీ పల్సులు మాత్రమే ఇచ్చే ఎన్‌కోడర్‌కు స్విచ్ వేసిన క్షణంలో స్థానం తెలియదు. ఇండెక్స్ గుర్తు దాటేదాకా ఆగాలి. భారం మీద బయల్దేరే బండికి అలాంటిది ఒంటరిగా పనికిరాదు.

సైన్-కొసైన్, రిజాల్వర్

అంకెలకు బదులు రెండు అలలు ఇచ్చే సెన్సార్లు ఒక వర్గం. రెండు వోల్టేజీల నిష్పత్తి నుంచి కోణం తీస్తాం. ఇవి వాడేటప్పుడు రెండు అలల నడిమి మట్టం, ఎత్తు కొలిచి సమం చేసుకోవాలి. మట్టం తేడా ఉంటే అల చుట్టుకొకసారి, ఎత్తు తేడా ఉంటే చుట్టుకు రెండుసార్లు కోణం ఊగుతుంది. ఎన్నిసార్లు ఊగుతోందో లెక్కపెడితే ఏది సరిచేయాలో తెలుస్తుంది.

రిజాల్వర్ కార్లలో ఉంటుంది. ప్రియస్, లీఫ్ వంటి కార్ల మోటార్లలో ఉన్నది ఇదే. కొన్ని కిలోహెర్ట్జ్‌ల అలను ఒక చుట్టలోకి పంపితే, రోటర్ ఇనుప ఆకారాన్ని బట్టి మిగతా రెండు చుట్టల్లో సైన్, కొసైన్ ఎత్తులు వస్తాయి. అల శిఖరం దగ్గర సరిగ్గా ఆ క్షణంలోనే రెండింటినీ కొలవాలి. మోటారు దగ్గర చిప్పులేవీ ఉండవు. రాగి, ఇనుమే. వేడి, నూనె, అదురు దాన్ని ఏమీ చేయలేవు. సిద్ధంగా దొరికే ఏడీ2ఎస్1210 వంటి చదివే చిప్పులు ఖరీదైనవి. జర్మనీకి చెందిన యోహానెస్ హ్యూబ్నర్ మొదలుపెట్టిన ఓపెన్‌ఇన్వర్టర్ ప్రోగ్రాం అలాంటి చిప్ లేకుండా మామూలు మైక్రోకంట్రోలర్‌తోనే రిజాల్వర్‌ను చదివి చూపింది. పాత కారు మోటారు దొరికి కారునే మార్చాలనుకునేవాళ్లకు ఇదే దారి. మన దగ్గర సైకిళ్లకు, ఆటోలకు ఇంత అక్కర లేదు.

సెన్సారే లేకుండా

తిరిగే అయస్కాంతం చుట్టల్లో వోల్టేజీ పుట్టిస్తుంది. కంట్రోలర్ కరెంటు, వోల్టేజీ కొలిచి, ఆ పుట్టిన వోల్టేజీ నుంచి రోటర్ స్థానం ఊహించగలదు. వేగం అందుకున్నాక ఇది హాల్ సెన్సార్ల కంటే సాఫీగా ఉంటుంది. తెగడానికి వైరు లేదు, చిలుము పట్టడానికి కప్లర్ లేదు.

లోపమంతా మొదటి గజంలో ఉంది. ఆ వోల్టేజీ వేగాన్ని బట్టి పుడుతుంది కాబట్టి ఆగిన బండిలో సున్నా. అప్పుడు కంట్రోలర్ గుడ్డిగా క్షేత్రాన్ని తిప్పి, రోటర్ వెంట వస్తుందని ఆశించాలి. ఖాళీ డ్రోన్ రెక్కకు అది చెల్లుతుంది. యూరియా బస్తా వేసుకుని పొలం గట్టు ఎక్కే సైకిల్‌కు చెల్లదు. ఎక్కువ పౌనఃపున్యపు చిన్న వోల్టేజీని పంపి, దిక్కును బట్టి ఇండక్టెన్స్ మారడాన్ని గమనించి, నిలబడి ఉన్న రోటర్‌ను కూడా పట్టుకునే పద్ధతి ఉంది. ఇనుము లోపల అయస్కాంతాలు పొదిగిన మోటార్లలో ఆ తేడా బాగా కనిపిస్తుంది. ఉపరితలం మీద అతికించిన మన హబ్ మోటార్లలో ఆ తేడా చాలా తక్కువ. కరెంటు పెరిగి ఇనుము నిండేకొద్దీ ఊహ తప్పే ప్రమాదం ఎక్కువ. కాబట్టి సెన్సార్ లేని పద్ధతిని ఒంటరి ఆధారంగా కంటే తోడుగా వాడడమే మేలు.

తప్పును గుర్తించడం

తోడు అన్న మాట దగ్గరే ఈ సమీక్షలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన విషయం ఉంది. నడుస్తున్నప్పుడు కంట్రోలర్ దగ్గర రెండు సాక్ష్యాలుంటాయి. హాల్ సెన్సార్ చెప్పే గది ఒకటి, వోల్టేజీ లెక్క చెప్పే కోణం ఒకటి. రెండూ కలిసినంత కాలం నిశ్చింత. 30 డిగ్రీలకు మించి తేడా నిలకడగా కనిపిస్తే హాల్ సెన్సార్ దారిలో ఏదో చెడింది. అప్పుడు బలం తగ్గించి, వోల్టేజీ లెక్క మీదే ఇంటిదాకా నడిపి, దీపం వెలిగించి చెప్పాలి. బండి ఆగి ఉండగా హాల్ స్థితి చెల్లనిదిగా ఉంటే అసలు కదలకూడదు. ఈ ఏర్పాటు నా పాత కంట్రోలర్‌లో ఉండి ఉంటే ఎడపల్లి దగ్గర చక్రం వణికేది కాదు, కారణం తెరమీద కనిపించేది.

మిడ్ మోటారును ఫీల్డ్ వీకెనింగ్‌తో మామూలు వేగానికి మించి తిప్పేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ వేగంలో కోణం తప్పిందని ఒక్కసారిగా స్విచ్‌లన్నీ ఆపేస్తే, మోటారు పుట్టించే వోల్టేజీ బ్యాటరీని మించి వెనక్కి తోస్తుంది. బండి గట్టిగా బ్రేకు పడ్డట్టు ఆగుతుంది, కంట్రోలర్ కాలవచ్చు, బ్యాటరీకి అడగని చార్జింగ్ జరుగుతుంది.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్ పట్టణంలోనే ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ దుర్ఘటన తర్వాత మన ఊళ్లో బ్యాటరీ భద్రత గురించి మాట్లాడని ఇల్లు లేదు. ఆ జాగ్రత్త అవసరమే. అదే శ్రద్ధ కోణం చదివే దారి మీదా పెట్టాలి. నిలబడిన చోట చక్రం వెనక్కి తిరిగినా, వేగంలో ఒక్కసారిగా పట్టేసినా మనిషి కింద పడతాడు. కొత్త అమరిక ఏదైనా చక్రాన్ని స్టాండు మీద గాల్లోకి లేపి, కరెంటు పరిమితి అతి తక్కువకు దించి, ముందు చేత్తో, తర్వాత మోటారుతో పరీక్షించాకే నేల మీదికి దించాలి.

చట్టం సంగతీ ఇక్కడే చెప్పాలి. 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పెట్రోలు బండినో, ఆటోనో మార్చి రోడ్డెక్కాలంటే ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం ఆమోదం పొందిన కిట్ కావాలి, ఆర్‌సీలో మార్పు నమోదు కావాలి. కాబట్టి సొంత కంట్రోలర్ ప్రయోగాలకు తగిన చోటు సైకిలూ, పొలం లోపలి ట్రాలీ, కాలేజీ ల్యాబు.

ఎవరికి ఏది

మొదట్లో పెట్టుకున్న మూడు ప్రశ్నలతో అన్నిటినీ కలిపి చూస్తే దారి స్పష్టంగానే కనిపిస్తుంది. హబ్ మోటారుకు మూడు హాల్ సెన్సార్లు, కొలిచిన పట్టిక, వేగంలో వోల్టేజీ లెక్క తోడు. ఇంతకు మించి ఖర్చు అనవసరం. జతలు తక్కువున్న మిడ్ మోటారుకు ఉన్న హాల్ సెన్సార్లతోనే మొదలుపెట్టి, నడక వేగంలో సాఫీదనం కావాలంటేనే సెంటర్ చూసి ఎన్‌కోడర్. కారు మోటారుకు అందులో ఉన్న రిజాల్వరే.

లోటు సెన్సార్లలో కంటే కొలతల్లో ఎక్కువగా ఉంది. మన దగ్గర బోరు మోటార్లు చుట్టే వైండింగ్ షాపులు ఊరూరా ఉన్నాయి. హాల్ సెన్సార్ మార్చడం ఆ మేస్త్రీలకు పెద్ద పని కాదు. కానీ మార్చిన తర్వాత కొత్త సెన్సార్ ఏ కోణంలో కూర్చుందో కొలిచి ఇచ్చే షాపు నాకింకా కనబడలేదు. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడ చేయి తిరిగిన ఫిట్టర్లు, టర్నర్లు కొందరు ఇప్పటికీ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. వాళ్ల డయల్ గేజ్, ఇంజనీరింగ్ పిల్లల ఆసిలోస్కోప్ ఒకే బల్ల మీదికి రావాలి. 2019లో రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ మొదలుపెట్టిన ఇంటింటా ఇన్నోవేటర్ ప్రదర్శనలకు వచ్చే ఎలక్ట్రిక్ బండ్ల పక్కన, అవి ఎంత దూరం పోతాయన్న అంకెతో పాటు కోణం ఎంత తప్పుతోందన్న అంకె కూడా రాసి పెడితే చూసేవాళ్లకు నిజంగా పనికొస్తుంది.

నా సైకిల్‌లో కాలిన సెన్సార్‌ను మార్చింది వినాయక్‌నగర్ వైపు ఒక వైండింగ్ మేస్త్రీ. పని శుభ్రంగా చేశాడు. అయినా చక్రం తిప్పి కొలిస్తే కొత్త సెన్సార్ రెండు అంచులూ దాదాపు 7 డిగ్రీలు జరిగి ఉన్నాయి. అర మిల్లీమీటరు తేడా, కంటికి ఆనదు. ఆ ఆరు కోణాలను కంట్రోలర్ పట్టికలో ఎక్కించాను. ఒక చీటీ మీద రాసి మోటారు మూత లోపల అతికించాను, రేపు దాన్ని ఎవరు విప్పినా వాళ్లకు కనిపించేలా. ఆ మర్నాడు అదే బోధన్ రోడ్డు మీద, ఎడపల్లి దగ్గర బండిని కావాలనే ఆపి, పెడల్ ముట్టుకోకుండా థ్రాటిల్ తిప్పాను. చక్రం చప్పుడు లేకుండా కదిలింది.